గింజ కనిపించలేదు

ఎక్కడో ఒక జిల్లాలో నలభై బావులు తవ్వారు. కాగితం మీద నలభై, నేల మీద ఒకటి. ఆ ఒక్క బావినే నలభై వైపుల నుంచి ఫొటోలు తీసి ఫైల్లో అంటించారు. సంగతి బయటపడ్డాక పైవాళ్ళకు కోపం వచ్చింది. పైవాళ్ళ కోపం మనిషి మీద పడదు, కాగితం మీద పడుతుంది. అలా ఒక ఉత్తర్వు పుట్టింది.

“ఇందుమూలముగా సమస్త కార్యాలయములకు తెలియజేయునది ఏమనగా, భౌతిక తనిఖీలో కంటికి కనిపించని ఆస్తిని లేని ఆస్తిగా పరిగణించవలెను. ఫొటోలు చెల్లవు. జరుగుచున్నట్లు కనిపించని పనిని జరగని పనిగా పరిగణించవలెను.”

బావుల సంగతికి ఈ ఉత్తర్వు బాగానే ఉంది. కానీ ఉత్తర్వుకు బావికీ బఠాణీకీ తేడా తెలియదు. అది ఊళ్ళన్నీ తిరిగి తిరిగి, చివరికి సూక్ష్మ పదార్థాల పరిశోధనా సంస్థకు కూడా వచ్చి చేరింది. కంటికి కనిపించనంత చిన్న వస్తువులు తయారు చేయడమే ఆ సంస్థ పని. దానికి ఇంకో పని లేదు.

ఆ సంస్థలో స్వరూప ల్యాబ్ అసిస్టెంటు. ఊరు రాళ్ళవంపు, బస్సులో గంటన్నర దూరం. ఆదివారాలు వెళ్ళొస్తుంది. ఆమె మాట్లాడేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. కొత్తవాళ్ళు అది సిగ్గనుకుంటారు. సిగ్గు కొంత నిజమే. మిగతాది పళ్ళు. రాళ్ళవంపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళు ఇటుక రంగు చారలతో ఉంటాయి. ఇంకా తాగితే ఎముకలు గట్టిపడి వంకరపోతాయి. స్వరూప తల్లి ఈరమ్మకు నలభై ఆరేళ్ళు. రెండు మోకాళ్ళూ విల్లులా వంగి, గోడ పట్టుకుని నడుస్తుంది. అన్న కూతురు పింకికి ఐదేళ్ళు. దాని పాలపళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. వాటి కింద చిగుళ్ళ లోపల అసలు పళ్ళు తయారవుతూ ఉంటాయని, ఆ నాలుగైదేళ్ళూ మంచినీళ్ళు తాగితేనే అవి తెల్లగా వస్తాయని డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి స్వరూప పింకి నోట్లోకి చూడని ఆదివారం లేదు. ఊరికి వారానికొక ట్యాంకరు వస్తుంది. ఆ నీళ్ళు రెండు రోజులకే అయిపోతాయి. మిగతా ఐదు రోజులూ బోరే దిక్కు.

అందుకే ఆమె ఆ ల్యాబును ఉద్యోగంగా చూడలేదు. అక్కడ ఇమ్మానియేలు సారనే శాస్త్రవేత్త ఒక పొడి తయారు చేస్తున్నాడు. స్వరూపకు మొదటిరోజే ఆయన దాని సంగతి చెప్పాడు.

“సోంపు గింజ మీద చక్కెర పూత పూసిన మిఠాయి చూశావు కదమ్మా. ఇదీ అంతే. లోపల నల్లటి ఇనుప గింజ. పైన అల్యూమినా పెంకు. కాకపోతే నీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు.”

“అంత చిన్నదానికి పూత ఎట్ల పూస్తరు సార్?”

“మనం పూయం. అదే పూసుకుంటుంది. మనం ఓపిక పట్టాలి.”

ఓపిక ఎలా పట్టాలో ఆయన చూపించాడు. అల్యూమినియం ఉప్పును సారాయిలాంటి ద్రవంలో కరిగించి, అందులో ఇనుప గింజలు కలిపి, చుక్క చుక్కగా నీళ్ళు పోయాలి. అది ముందు పల్చటి గంజిలా ఉంటుంది. దాన్ని సోల్ అంటారు. తరవాత మూత పెట్టి ఏడు రోజులు కదపకుండా వదిలేస్తే, జున్ను కట్టినట్టు నిశ్శబ్దంగా గడ్డకడుతుంది. అది జెల్. అప్పుడు మెల్లగా ఆరబెట్టి, కొలిమిలో కాల్చి, పొడి చేయాలి. మధ్యలో కదిపితే ముక్కలవుతుంది. తొందరపడి ఆరబెడితే పగులుతుంది.

ఆ పొడి ఒక చెంచా బిందెలో వేసి కలిపితే పెంకు ఫ్లోరైడును పట్టుకుంటుంది. తరవాత బిందె పక్కన అయస్కాంతం పెడితే లోపలి ఇనుప గింజ పరుగెత్తుకొస్తుంది, దానితోపాటు పెంకూ, పెంకును పట్టుకున్న ఫ్లోరైడూ వస్తాయి. నీళ్ళు వంచుకుని తాగొచ్చు. పొడిని చాకలి సోడా కలిపిన నీళ్ళతో కడిగి మళ్ళీ వాడొచ్చు. గింజ లేకపోతే పెంకును నీళ్ళలోంచి బయటికి తీయడం బ్రహ్మ తరం కాదు. అంత సన్నటి పొడి నెలరోజులైనా అడుగుకు దిగదు.

ఇద్దరూ కలిసి ఎనిమిది నెలల్లో తొమ్మిది వందల గ్రాములు తయారు చేశారు. రాళ్ళవంపు నీళ్ళు తెచ్చి చూశారు. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములున్న ఫ్లోరైడు ఒకటికి లోపు దిగింది. ఇమ్మానియేలు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ కొలిచాడు. ఇరవై ఇళ్ళకు సరిపడా పొడి సీసాలో పోసి బీరువాలో పెట్టారు. తనిఖీ అయిపోతే ఊరికి పంపించవచ్చు.

అప్పుడు వచ్చాడు భౌతిక తనిఖీ అధికారి గజపతిరావు.

గజపతిరావు ముప్పయ్యేళ్ళు కుర్చీలూ బల్లలూ లెక్కపెట్టిన మనిషి. కుర్చీకి నాలుగు కాళ్ళున్నాయో లేదో చూస్తాడు. నంబరు తెల్ల పెయింటుతో రాసి ఉందో లేదో చూస్తాడు. ఆయన జీవితంలో ఒక్క కుర్చీ కూడా ఆయన్ని మోసం చేయలేదు. సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

“ఇది ఏమి?”

“గింజ–పెంకు పొడి సార్,” అన్నాడు ఇమ్మానియేలు సారు. “లోపల ఇనుప గింజ, పైన...”

“పైన సంగతి తరవాత. గింజ ఏది?”

“లోపల సార్.”

“తెరిచి చూపించండి.”

“గింజ లేనిదే పెంకు లేదు, తెరవడానికి రాదు సార్. పగలగొడితే పనికిరాదు.”

“పగలగొడితే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. తెరవకపోతే తనిఖీకి నిరాకరణ. రెండింటిలో ఏది రాసుకోమంటారు?”

ఇమ్మానియేలు సారు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తీసిన బొమ్మ చూపించాడు. నల్లటి చుక్క చుట్టూ బూడిద రంగు ఉంగరం. కళ్ళు లేనివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ. గజపతిరావు దాన్ని ముట్టుకోను కూడా లేదు.

“ఫొటోలు చెల్లవు. బావుల సంగతి మీకు తెలియదల్లే ఉంది.”

స్వరూప అక్కడే గోడవార నిలబడి ఉంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, “అయస్కాంతం పెట్టి చూపిస్త సార్,” అంది. గాజు పళ్ళెంలో చిటికెడు పొడి పోసి, అడుగున అయస్కాంతం అటూ ఇటూ జరిపింది. పొడి గొర్రెల మందలా దాని వెనకాల పరుగెత్తింది. గజపతిరావు వంగి శ్రద్ధగా చూశాడు. ఇమ్మానియేలు సారు ముఖంలో ఆశ పుట్టింది.

“పరుగు కనిపించింది,” అన్నాడు గజపతిరావు. “గింజ కనిపించలేదు. పోనీ, నంబరు ఎక్కడ వేశారు?”

“దేని మీద సార్?”

“ప్రతి గింజ మీద.”

“సార్, ఈ చిటికెడులోనే కోట్లకు కోట్లు ఉంటాయి.”

“అందుకే నంబరు కావాలి. తక్కువ ఉంటే గుర్తుపెట్టుకునేవాళ్ళం.”

స్టోర్ కీపరు ఆ సాయంత్రమే ఒక డబ్బా తెల్ల పెయింటు, బజారులో దొరికే అన్నిటికన్నా సన్న కుంచె తెచ్చి ల్యాబు బల్ల మీద పెట్టిపోయాడు. సంస్థలో ఎవరి బాధ్యత వాళ్ళు నెరవేర్చినట్టే.

తనిఖీ నివేదిక మూడో రోజున వచ్చింది. “గింజ లేదు. గింజ లేనిదే పెంకు ఉండజాలదని శాస్త్రవేత్త స్వయముగా అంగీకరించినందున పెంకు కూడా లేదు. వెరసి ఖాళీ సీసా ఒకటి ఉన్నది. సీసా మంచి స్థితిలో ఉన్నది.”

సీసా మీద తెల్ల పెయింటుతో నంబరు వేశారు.

లేని పొడిని ఊరికి పంపడానికి అనుమతి ఎవరిస్తారు? స్వరూప ఆ ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు ఈరమ్మ గడపలోనే అడిగింది.

“మందు తెస్తనంటివి, ఏది బిడ్డా?”

“అయింది గని... లేదంటున్నరమ్మా.”

“అయినంక లేకపోవుడేంది?”

“కనబడలేదట.”

“అద్దాలు మంచియి లేవా ఆయనకు?” అంది ఈరమ్మ.

ఇమ్మానియేలు సారు ఇంకో దఫా తయారు చేద్దామన్నాడు. ఈసారి ప్రతి అంచెలోనూ అధికారిని పిలిచి చూపిద్దామన్నాడు. మంచి మనుషులకు ఈ జబ్బు ఉంటుంది, చూపిస్తే చాలు చూస్తారనుకుంటారు. స్వరూప చుక్క చుక్కగా నీళ్ళు పోసి, మూత పెట్టి, ‘కదపవద్దు’ అని చీటీ అంటించింది. నాలుగో రోజు గజపతిరావు వచ్చాడు.

“ఇక్కడ ఏమి పని జరుగుతున్నది?”

“గడ్డ కడుతున్నది సార్,” అంది స్వరూప.

“ఎవరు కడుతున్నారు?”

“అదే కట్టుకుంటది సార్.”

“అదే కట్టుకునేటట్టయితే తమరు దేనికి?”

స్వరూప తల్లి కూడా పెరుగు తోడుపెట్టి పక్కన కూచోదు. కానీ ఈరమ్మ మీద ఏ తనిఖీ అధికారీ లేడు.

“ఏడు రోజులు! ఏడు రోజులు ఒక పాత్ర, ఒక మూత, ఒక చీటీ. దీన్ని పని అని నేను ఏ కళ్ళతో రాయాలి?” అని గజపతిరావు డైరెక్టరు గదిలోకి వెళ్ళాడు.

డైరెక్టరు డాక్టర్ పరాంకుశం ఒకప్పుడు శాస్త్రవేత్త. ఇప్పుడు డైరెక్టరు. ఆయన మధ్యాహ్నానికల్లా ఆదేశం జారీ చేశాడు. పని కనిపించేందుకు వీలుగా, సదరు ద్రవమును ల్యాబ్ అసిస్టెంటు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు, భోజన విరామం మినహా, ఎడతెగకుండా కలుపుతూ ఉండవలెను.

“కలిపితే విరిగిపోతది సార్,” అంది స్వరూప ఇమ్మానియేలు సారుతో.

ఆయన ఆదేశాన్ని రెండుసార్లు చదివాడు. “విరిగిపోతుంది,” అని గరిటె చేతికిచ్చాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

సగం కట్టిన జున్నులో గరిటె పెట్టి తిప్పితే ఏమవుతుందో అదే అయింది. మూడు రోజుల తరవాత పాత్రలో ఉండలు కట్టిన ఉప్మాలాంటిది మిగిలింది. గజపతిరావు వచ్చి, చెమటలు కారుతూ కలుపుతున్న స్వరూపను చూసి, మొదటిసారిగా నవ్వాడు.

“ఇప్పుడు పని కనిపిస్తున్నది.”

గింజ సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది. దాని మీద డైరెక్టరు సమావేశం పెట్టాడు. పెద్ద బల్ల చుట్టూ పదకొండుమంది కూచున్నారు. స్వరూప టీ కప్పులు అందించడానికి లోపలికి వెళ్ళి, ఎవరూ పొమ్మనకపోవడంతో తలుపు దగ్గర నిలబడిపోయింది.

“మనం సమస్యను సమస్యగా చూడరాదు,” అన్నాడు పరాంకుశం. “పారదర్శకతగా చూడాలి. గింజ కనిపించడం లేదు. ఎందుకు? లోపల ఉంది గనుక. లోపల ఎందుకుంది? మనం పెట్టాం గనుక. అంటే తప్పు మనదే కదా?”

పదిమంది తలూపారు.

“పెంకును లోపల పెట్టి గింజను బయట పెడితే?” అన్నాడు పరిపాలనాధికారి.

“అప్పుడు పెంకు కనిపించదు,” అన్నాడు గజపతిరావు. “నేను వదలను.”

అందరూ ఆయన నిష్పాక్షికతను మెచ్చుకున్నారు.

పరాంకుశం కళ్ళు మూసుకున్నాడు. గొప్ప ఆలోచనలు వచ్చేటప్పుడు ఆయన అలాగే చేస్తాడు, రానప్పుడు కూడా అలాగే చేస్తాడు. తరవాత కళ్ళు తెరిచి, “పక్కపక్కన పెడితే?” అన్నాడు.

అందరూ టీ కప్పులు కింద పెట్టారు.

“గింజ ఒక సీసాలో. పెంకు ఒక సీసాలో. రెండూ కనిపిస్తాయి. రెండింటికీ నంబర్లు వేయవచ్చు. ప్రపంచంలో ఇంతవరకు అందరూ గింజను పెంకులో దాచారు. దాచిపెట్టడం పాతకాలపు పద్ధతి. మనది బహిరంగ గింజ–పెంకు విధానం.”

ఇమ్మానియేలు సారు లేచి నిలబడ్డాడు. ఆయన సమావేశాల్లో లేవడం అదే మొదటిసారి. “సార్, విడిగా ఉంటే అయస్కాంతానికి గింజ వస్తుంది, పెంకు రాదు. పెంకు నీళ్ళలోనే ఉండిపోతుంది.”

“ఇమ్మానియేలు గారూ,” అన్నాడు పరాంకుశం జాలిగా, “మీరు ఎప్పుడూ లోపలి సంగతులే మాట్లాడతారు.”

తీర్మానం ఏకగ్రీవం. ఇమ్మానియేలు సారు నిలబడే ఉన్నాడు కాబట్టి ఆయన అంగీకారం కనిపించలేదు, అభ్యంతరమూ కనిపించలేదు.

రెండు సీసాలు సిద్ధమయ్యాయి. నల్లటి ఇనుప పొడికి ఒకటో నంబరు, తెల్లటి అల్యూమినా పొడికి రెండో నంబరు. గజపతిరావు రెండింటినీ వెలుతురుకు పట్టి చూసి, “గింజ కనిపించినది. పెంకు కనిపించినది,” అని రాసి సంతకం పెట్టాడు. రాజధానిలో జరిగిన సభలో బహిరంగ విధానానికి శాలువా, జ్ఞాపిక ఇచ్చారు. జ్ఞాపిక చూడటానికి వెండిలా ఉంది. లోపల ఏముందో ఎవరూ చూడలేదు.

అయితే ఉత్తర్వులో ఇంకో మాట కూడా ఉంది. ఆస్తి మూడు నెలలకోసారి తనిఖీకి అందుబాటులో ఉండాలి. గింజ ఊరికి పోతే తనిఖీకి ఎక్కడి నుంచి వస్తుంది? అసలే మొదటిసారి కనిపించకుండా పోయిన వస్తువు. అందుకని ఒకటో నంబరు సీసాను డైరెక్టరు గదిలో అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. రెండో నంబరు సీసా, ఒక అయస్కాంతం, ఒక బ్యానరు తీసుకుని జీపులో రాళ్ళవంపు బయలుదేరారు. స్వరూపను వెనక సీట్లో బ్యానరు పక్కన కూచోబెట్టారు.

“సార్, గింజ లేకుండ పొడి వేస్తే నీళ్ళల్లనే ఉంటది,” అంది ఆమె దారిలో. చెయ్యి నోటి దగ్గరే ఉంది.

“ఆమె ఏమంటోంది?” అన్నాడు పరాంకుశం ముందు సీట్లోంచి.

“ఏమీ వినిపించలేదు,” అన్నాడు గజపతిరావు.

రాళ్ళవంపు బడి ముందర జనం చేరారు. ఈరమ్మ అరుగు మీద కూచుంది, పింకి ఆమె ఒళ్ళో. పంచాయితీవాళ్ళు బోరు నీళ్ళ బిందె తెచ్చి బల్ల మీద పెట్టారు. పరాంకుశం పావుగంట మాట్లాడాడు. పొడి నాలుగు చెంచాలు వేసి కలిపాడు. నీళ్ళు పాలలా తెల్లగా అయ్యాయి. తరవాత అయస్కాంతం తీసి బిందెకు ఆనించాడు.

ఏమీ కదల్లేదు.

అయస్కాంతం అవతలి వైపు పెట్టాడు. అడుగున పెట్టాడు. తిరగేసి పెట్టాడు. ఊళ్ళోవాళ్ళు ఓపికగా చూశారు. వాళ్ళకు ఓపిక అలవాటే. పదేళ్ళుగా ట్యాంకరు కోసం నిలబడినవాళ్ళు.

బక్కయ్య తాత కట్టె ఆనించుకుంటూ ముందుకొచ్చాడు. ఆయన నడుము ముందుకు వంగిపోయి చాలా ఏళ్ళయింది. బిందెలోకి చూడటానికి వంగవలసిన పని లేదు.

“సున్నం కలిపిండ్రా సారూ? గోడలకేస్తరా?”

“ఇది పెంకు,” అన్నాడు పరాంకుశం.

“మరి లోపటిది?”

“అది భద్రంగా మా ఆఫీసులో ఉంది.”

బక్కయ్య తాత జనం వైపు తిరిగాడు. “ఇన్నరా? పైన పటారం మనకట, లోన లొటారం ఆళ్ళకట. నీళ్ళేమో గిట్ల. ఇగ ఎట్ల తాగుదుం?”

జనం నవ్వారు. పరాంకుశం ముఖం ఎర్రబడింది. గజపతిరావు మాత్రం చలించలేదు. ఆయన ఇంతసేపూ బిందె పక్కనే నిలబడి, వంగి, లేచి, మళ్ళీ వంగి చూస్తున్నాడు.

“ఒక మౌలికమైన ప్రశ్న,” అన్నాడు. “ఈ నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నదని ఎవరు చూశారు?”

జనం బిందెలోకి చూశారు.

“కంటితో చూసినవారు ముందుకు రావచ్చు.”

స్వరూప సంచిలోంచి పరీక్ష సీసా తీసింది. బోరు నీళ్ళు కొంచెం పోసి, రెండు చుక్కలు ఎర్ర మందు వేసింది. గులాబీ రంగుకు తిరిగిన నీళ్ళు చూస్తుండగానే పసుపు పచ్చగా మారాయి. “ఫ్లోరైడు ఉంటేనే ఇట్ల మారుతది సార్. మంచినీళ్ళయితే గులాబీగనే ఉంటది.”

“పసుపు కనిపించింది,” అన్నాడు గజపతిరావు రాసుకుంటూ. “ఫ్లోరైడు కనిపించలేదు.”

“గీ కాళ్ళు కనబడుతున్నయా సారూ?” అంది ఈరమ్మ అరుగు మీది నుంచి. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి జరిపి చూపించింది.

గజపతిరావు న్యాయమైన మనిషి. అరుగు దాకా నడిచి వెళ్ళి చూశాడు. “కాళ్ళు రెండు. వంకరగా ఉన్నట్టు నమోదు చేస్తాను. వంకరకు కారణం కనిపించలేదు.”

బక్కయ్య తాత బోరు నీళ్ళు గ్లాసులో ముంచి తెచ్చాడు. “ఫ్లోరైడు లేదంటివి గద సారూ. దూరం కెల్లి వచ్చినవ్, తాగు.”

గజపతిరావు గ్లాసు వైపు చూశాడు. జీపులో సీలు వేసిన నీళ్ళ సీసాల పెట్టె వైపు చూశాడు.

“నాకు దాహంగా లేదు,” అన్నాడు.

దాహం కంటికి కనిపించేది కాదు కనుక ఎవరూ ఆయన్ని ఏమీ అనలేకపోయారు.

నివేదిక వారంలో వచ్చింది. “రాళ్ళవంపు గ్రామ జలములలో ఫ్లోరైడు లేదు. లేని ఫ్లోరైడు కొరకు ట్యాంకరు పంపుట దుర్వినియోగము.” ఆ మంగళవారం ట్యాంకరు రాలేదు. ఆ తరవాతి మంగళవారం కూడా రాలేదు. బిందెలు వరసగా పెట్టి నిలబడినవాళ్ళు మధ్యాహ్నానికి వాటిని తీసుకుని బోరు దగ్గరికే పోయారు. ముందు పింకికి వారంలో రెండు రోజులైనా మంచినీళ్ళుండేవి. ఇప్పుడు ఏడు రోజులూ బోరే.

స్వరూపకు ఆ సంగతి అన్న ఫోనులో చెప్పాడు. “నువ్వు తెచ్చినోళ్ళే గద ట్యాంకరు బందు చేయించిండ్రు. ఊర్లె అందరు అదే అంటున్నరు చెల్లె. నేను అంటలేను.”

ఆమె ఫోను పెట్టేసి బీరువా ముందు నిలబడింది. తలుపు తెరిస్తే పై అరలో సీసా ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు. పక్కన జాబితా అంటించి ఉంది: ఖాళీ సీసా, ఒకటి, మంచి స్థితి. ఆ ఖాళీ సీసాలో ఆమె, ఇమ్మానియేలు సారు ఎనిమిది నెలలు ఓపికపట్టి చేసిన తొమ్మిది వందల గ్రాముల బూడిద రంగు పొడి మెడ దాకా నిండి ఉంది.

ఆమె జాబితాను రెండుసార్లు చదివింది. తరవాత తన టిఫిను గిన్నె కడిగి తుడిచి, పొడినంతా అందులోకి వంచింది. సీసాను ఎక్కడిదక్కడ పెట్టింది. ఇప్పుడది జాబితాలో రాసినట్టే ఖాళీగా ఉంది. చాలా రోజులకు ఆ సంస్థలో ఒక కాగితమూ ఒక వస్తువూ ఒకే మాట చెప్పాయి.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఇమ్మానియేలు సారు.

ఆయన గిన్నె వైపు చూశాడు. సీసా వైపు చూశాడు. జేబులోంచి బీరువా రెండో తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. “నాకేమీ కనిపించలేదమ్మా,” అన్నాడు. “సోడా నీళ్ళతో కడగడం మరిచిపోకు.”

గేటు దగ్గర కాపలాదారు మల్కయ్య సంచి తెరిపించాడు. గిన్నె మూత తీయించాడు.

“ఇదేంది చెల్లె?”

“నీ దగ్గరున్న జాబితల చూడన్నా. ఉంటె ఆపు.”

మల్కయ్య వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు. బల్లలు, కుర్చీలు, కొలిమి, ఒకటో నంబరు గింజ, రెండో నంబరు పెంకు, ఖాళీ సీసా. అలాంటి పొడేమీ లేదు. “లేదు, పో,” అన్నాడు.

రాళ్ళవంపులో పాత స్పీకరు పగలగొట్టి అయస్కాంతం తీశారు. బిందెలో చెంచా పొడి వేసి, కలిపి, పావుగంట ఆగి, అయస్కాంతం ఆనిస్తే పొడంతా గోడకు చేరిన చీమల్లా ఒక పక్కకు వచ్చింది. స్వరూప ఎర్ర మందు చుక్కలు వేసింది. గులాబీ రంగు గులాబీగానే ఉంది. బక్కయ్య తాత ఆ సీసాను చాలాసేపు చేతిలో పట్టుకుని, మారుతుందేమోనని చూశాడు. మారలేదు.

“ఇది గవర్నమెంటు మందేనా?” అన్నాడు.

“కాదు తాతా. గవర్నమెంటు దగ్గర ఇది లేదు.”

“అందుకే పనిచేస్తున్నది,” అన్నాడాయన.

ఇరవై ఇళ్ళకు సరిపోయింది. ఊళ్ళో నూట పది ఇళ్ళున్నాయి. చిన్నపిల్లలున్న ఇళ్ళకు ముందు ఇచ్చారు. మిగతా ఇళ్ళవాళ్ళు ఏమీ అనలేదు, గానీ స్వరూప వాళ్ళ గుమ్మాల ముందు నుంచి నడిచిపోయేటప్పుడు తల ఎత్తలేకపోయింది.

అందుకని ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. బహిరంగ విధానానికి శాలువా వచ్చాక గింజ–పెంకు పని పూర్తయినట్టేనని సంస్థ భావించింది. ఆమెను కలపమని చెప్పేవాళ్ళూ లేరు, వద్దనేవాళ్ళూ లేరు. సోలు సిద్ధం చేసి, చుక్క చుక్కగా నీళ్ళు పోసి, మూత పెట్టి, పాత్రను బీరువా లోపల పెట్టి తాళం వేసింది. బయట పెడితే కదా కనిపించేది. జరుగుతున్నట్టు కనిపించని పని జరగనట్టే. ఆ చీకట్లో అది ఏడు రోజులు ఎవరూ ముట్టకుండా, ఏ గరిటే తగలకుండా, జున్నులా హాయిగా గడ్డకట్టింది.

ఆ నెలలోనే పింకి కింది పాలపన్ను ఊడింది. ఆదివారం స్వరూప వెళ్ళేసరికి అరచేతిలో పట్టుకుని ఎదురొచ్చింది. నోరు తెరిచి చూపించింది.

“కొత్తది వచ్చిందా అత్తమ్మా?”

స్వరూప గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. ఎర్రటి చిగురు తప్ప ఏమీ లేదు.

“ఇంక కనబడలే.”

“అయితే లేదా?”

“ఉన్నది. లోపల తయారైతున్నది. నువ్వు బిందెల నీళ్ళే తాగు, బోరుకాడ తాగకు.”

మూడు నెలల తనిఖీకి గజపతిరావు వచ్చాడు. డైరెక్టరు గదిలో అద్దాల పెట్టెలోని గింజను చూశాడు, ఉంది. రెండో నంబరు పెంకును చూశాడు, ఉంది. బల్లలు కుర్చీలు చూశాడు. చివరికి ల్యాబుకు వచ్చి బీరువా తెరిపించాడు. అప్పటికి కొత్త దఫా పొడి తయారై, పాత సీసా నిండా ఉంది. మిగిలిన తొంభై ఇళ్ళలో మరో ఇరవై ఇళ్ళకు సరిపడేంత. స్వరూప దాన్ని ఆ సాయంత్రమే ఊరికి తీసుకుపోవాలనుకుంది. గజపతిరావు సీసా చేతిలోకి తీసుకున్నాడు. మెడ దాకా నిండిన బూడిద రంగు పొడిని వెలుతురుకు పట్టి చూశాడు. బరువు చూశాడు.

“ఇందులో ఏమున్నది?”

ఇమ్మానియేలు సారు కిటికీ వైపు చూశాడు. స్వరూప చెయ్యి నోటి దాకా వెళ్ళి, ఆగి, కిందికి దిగింది. ఆమె చారల పళ్ళు కనిపించేటట్టుగానే మాట్లాడింది.

“పోయినసారి మీరు ఏమీ లేదని రాసిండ్రు సార్.”

గజపతిరావు ఫైలు తిప్పి తన చేతిరాత చదువుకున్నాడు. ఖాళీ సీసా ఒకటి, మంచి స్థితి. కింద తన సంతకం. ఆయన తన సంతకాన్ని ఎప్పుడూ అనుమానించలేదు. మళ్ళీ సీసా వైపు చూశాడు.

“ఇప్పుడూ అలాగే ఉన్నదా?”

“అట్లనే, ఏమీ లేదు సార్.”

ఆయన తృప్తిగా తలూపి, జాబితాలో టిక్కు పెట్టి, నిండు సీసాను రెండు చేతులతో జాగ్రత్తగా ఆమెకు అందించాడు.

“భద్రంగా చూసుకోండి,” అన్నాడు. “పగిలిపోగలదు.”